బర్డ్‌ది మిర్యాలగూడ, నర్స్‌ది సూర్యాపేట!

ఇంగ్లీష్ స్పెల్లింగుల్లో పిల్లల్ని ఏడిపించే ‘ఆర్’ గుట్టు మన బస్సు బోర్డుల మీదే ఉంది. పది నిమిషాలు, ఒక ఎర్ర పెన్ను ఉంటే చాలు... మీ చెల్లికో, అక్క కొడుక్కో మీరే నేర్పేయొచ్చు.

మూడో తరగతి పిల్లల డిక్టేషన్ నోటుబుక్కు ఏదైనా ఒకటి తెరిచి చూడండి. సూర్యాపేటలో అయినా, కోదాడలో అయినా, మిర్యాలగూడలో అయినా సీన్ ఒకటే. టీచర్ ‘బర్డ్’ అని చెప్పి ఉంటారు. పాప బి-ఏ-ఆర్-డి అని రాసి ఉంటుంది. ‘టర్న్’ అంటే టి-ఏ-ఆర్-ఎన్. ‘వర్డ్’ అంటే డబ్ల్యు-ఏ-ఆర్-డి. ‘సర్వీస్’ అంటే ఎస్-ఏ-ఆర్ అంటూ మొదలు. ప్రతిదాని పక్కనా ఎర్రటి ఇంటూ మార్కు. కింద ఒక్కో పదం పదేసి సార్లు ఇంపోజిషన్.

టీచర్ లెక్కలో అవి నాలుగు తప్పులు. కొంచెం ఆగి చూస్తే మాత్రం అది ఒకే తప్పు, నాలుగుసార్లు జరిగింది. ‘అర్’ అని వినబడ్డ ప్రతిచోటా ఆ పాప ఏ-ఆర్ రాసింది. గుడ్డిగా రాయలేదు, ఒక రూలు పెట్టుకుని మరీ రాసింది. నేను కోడ్ రాసే ఉద్యోగంలో ఉన్నాను. మా భాషలో చెప్పాలంటే, ప్రతిసారీ ఒకేచోట వచ్చే తప్పు మంచి తప్పు. ఎందుకంటే దాని మూలం దొరుకుతుంది. మూలం దొరికితే సరిచేయడం ఎంతసేపు?

ఇంతకీ ‘అర్ అంటే ఏ-ఆర్’ అనే రూలు ఆ పాపకు ఎవరు నేర్పారు? ఏ టీచరూ నేర్పలేదు. మన ఊళ్లే నేర్పాయి.

బస్సు బోర్డు నేర్పిన పాఠం

కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లే బస్సు ఎక్కారనుకోండి. దారిలో హుజూర్‌నగర్, నేరేడుచర్ల వస్తాయి. ఆ బోర్డుల మీద ఇంగ్లీష్ అక్షరాలు ఒకసారి చూడండి. ‘నగర్’లో అర్ ఉంది, అక్కడ ఏ-ఆర్ రాశారు. ‘హుజూర్’లో ఊర్ ఉంది, యు-ఆర్ రాశారు. ‘మిర్యాలగూడ’లో ఇర్ ఉంది, ఐ-ఆర్ రాశారు. ‘నేరేడు’లో ఏర్ ఉంది, ఈ-ఆర్ రాశారు. ‘సూర్యాపేట’లో మళ్లీ యు-ఆర్.

అంటే మన పేర్లను ఇంగ్లీష్‌లో రాసేటప్పుడు ఒక్కో అక్షరం దాని పని అది బుద్ధిగా చేసుకుపోతుంది. అ వినబడితే ఏ. ఇ వినబడితే ఐ. ఉ వినబడితే యు. అచ్చం మన గుణింతం లెక్క. బడిలో పిల్లలు ఇంగ్లీష్‌లో మొదట రాసే పదాలు చాలావరకు వాళ్ల సొంత పేరు, నాన్న పేరు, ఊరి పేరు. శంకర్ అయినా, భాస్కర్ అయినా చివర్లో ఏ-ఆర్. ఇలా వందసార్లు చూసిన బుర్ర ‘అర్ అంటే ఏ-ఆర్’ అని ఫిక్స్ అయిపోతుంది. అది తెలివితక్కువతనం కాదు, తెలివే.

గొడవ అంతా అసలైన ఇంగ్లీష్ మాట వచ్చినప్పుడు మొదలవుతుంది. ‘బర్డ్’లో ఐ ఉంటుంది, ఇ మాత్రం వినబడదు. ‘నర్స్’లో యు ఉంటుంది, ఉ వినబడదు. ‘వర్క్’లో ఓ ఉంటుంది, ఒ వినబడదు. ముందున్న అచ్చును వెనకున్న ఆర్ మింగేస్తుంది. అమెరికా బడుల్లో దీన్ని సరదాగా ‘బాసీ ఆర్’ అంటారు. అంటే పెత్తనం చేసే ఆర్ అన్నమాట. ఏ అచ్చు వచ్చి ముందు నిలబడినా దాని గొంతు నొక్కేసి, తన గొంతుతో పలికిస్తుంది.

ఒకే గొంతు... ఐదు వేషాలు

మన చెవికి ‘అర్’లా వినబడే ఈ శబ్దానికి ఇంగ్లీష్‌లో ముఖ్యంగా ఐదు రాతలున్నాయి.

ఈ-ఆర్: హర్, పర్సన్, టర్మ్, సర్వీస్, సర్టిఫికెట్, పర్మిషన్.

ఐ-ఆర్: బర్డ్, గర్ల్, షర్ట్, ఫస్ట్, థర్డ్, బర్త్‌డే, సర్కిల్.

యు-ఆర్: నర్స్, టర్న్, పర్స్, చర్చ్, థర్స్‌డే, పర్పుల్, పెరుగు ప్యాకెట్ మీదుండే కర్డ్.

డబ్ల్యు వెనక ఓ-ఆర్: వర్క్, వర్డ్, వరల్డ్, వర్స్ట్, వర్త్.

ఈ-ఏ-ఆర్: ఎర్లీ, ఎర్త్, లెర్న్, సెర్చ్, పెర్ల్.

‘బర్గర్’ అయితే ఇంకో అడుగు ముందుకేసింది. మొదటి అర్‌కు యు-ఆర్, రెండో అర్‌కు ఈ-ఆర్. ఒకే మాటలో రెండు వేషాలు!

ఇక్కడ మన పిల్లలకు ఒక ప్లస్ పాయింట్ ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. లండన్ వైపు ఇంగ్లీష్‌లో అచ్చు తర్వాత వచ్చే ఆర్‌ను అసలు పలకరు. అందుకే అక్కడి పిల్లలకు ఆర్ రాయాలా వద్దా అన్నదే పెద్ద డౌటు. తెలుగు నోరు ర్‌ను గట్టిగా పలుకుతుంది కాబట్టి మన పిల్లలు ఆర్‌ను దాదాపు ఎప్పుడూ మర్చిపోరు. ‘ఫస్ట్’లో మాత్రం మనం కూడా దాన్ని మింగేశాం. అందుకే డిక్టేషన్‌లో ‘ఫస్ట్ ర్యాంకు’ కాస్తా ఎఫ్-ఏ-ఎస్-టి ర్యాంకు అవుతుంది!

బండి రను మనం దింపేశాం, వాళ్లు దింపలేదు

‘ఇన్ని రాతలు ఎందుకు పెట్టుకున్నారు?’ అని పిల్లలు అడుగుతారు. ‘అది అంతే, బట్టీ పట్టు’ అనడం సులువు. కానీ దీనికి సమాధానం ఉంది, మన దగ్గరున్న ఉదాహరణతోనే చెప్పొచ్చు.

తాతమ్మల కాలం నాటి తెలుగు పుస్తకాల్లో ‘ఱ’ కనబడుతుంది. బండి ర అంటాం కదా, అదే. గుఱ్ఱం, కఱ్ఱ అని రాసేవారు. ఒకప్పుడు ర వేరు, ఱ వేరు. రెండూ వేరుగా పలికేవారు. తర్వాత నోట్లో రెండూ కలిసిపోయాయి. కొన్నాళ్లకు రాతలో కూడా బండి రను దింపేసి గుర్రం, కర్ర అని రాసుకుంటున్నాం.

ఇంగ్లీష్‌లో కూడా మొదటి సగం ఇలాగే జరిగింది. పద్నాలుగో శతాబ్దం నాటి ఇంగ్లీష్‌లో ఐ-ఆర్, ఈ-ఆర్, యు-ఆర్ వేరువేరుగా పలికేవి. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. పుస్తకాలు పెరిగేకొద్దీ రాత గట్టిపడిపోయింది. పలుకు మాత్రం ఆగలేదు. ఆ తర్వాతి శతాబ్దాల్లో ఆ మూడు శబ్దాలూ కలిసి ఒకటైపోయాయి. స్కాట్లాండ్‌లో కొందరి మాటలో మాత్రం ఇప్పటికీ తేడా వినబడుతుంది. మనం రాతను పలుకు దగ్గరికి తెచ్చుకున్నాం. వాళ్లు పాత రాతనే ఉంచేసుకున్నారు. అంతే తేడా.

అందుకే ఒక్కో స్పెల్లింగ్ వెనక పాత జ్ఞాపకం ఒకటి దాక్కుని ఉంటుంది. ‘థర్డ్’లో ఐ ఎందుకుంది? అది ‘త్రీ’ నుంచి వచ్చిన మాట. పాత ఇంగ్లీష్‌లో అది ‘థ్రిడ్డ’. ‘బర్డ్’ కూడా ఒకప్పుడు ‘బ్రిడ్’. కాలక్రమంలో ఆర్, ఐ చోట్లు మార్చుకున్నాయి. ఈ కథ ఒక్కసారి చెప్పి చూడండి. ఆ ఐ ఎక్కడుందో పిల్లలు అంత త్వరగా మర్చిపోరు.

ఇదంతా విని ‘మన తెలుగే నయం, అన్నీ పలికినట్టే రాస్తాం’ అని మురిసిపోకండి. ‘కృషి’ని క్రుషి అని రాసే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ‘కృష్ణ’ను క్రిష్ణ అని రాసే పెద్దవాళ్లూ ఉన్నారు. వట్రసుడి, క్రావడి ఒకేలా వినబడతాయి కాబట్టే ఆ తిప్పలు. అచ్చు, ర కలిసిన చోట ఏ భాషకైనా కాస్త తడబాటు తప్పదు.

ఫోన్ కూడా పట్టుకోలేని తప్పులు

‘ఇప్పుడు స్పెల్లింగులు ఎవరికి కావాలి, ఆటోకరెక్ట్ ఉందిగా’ అంటారు చాలామంది. ఈ ‘అర్’ విషయంలో ఆ ధీమా పనికిరాదు. మామూలు స్పెల్ చెకర్ చేసే పని ఒక్కటే. మీరు రాసిన మాట డిక్షనరీలో ఉందా లేదా అని చూస్తుంది. లేకపోతే కింద ఎర్ర గీత గీస్తుంది.

ఇప్పుడు మన పాప రూలు ప్రకారం రాసిన మాటల్ని చూడండి. బర్డ్‌కు ఏ పెట్టి రాస్తే ‘బార్డ్’. కవి, గాయకుడు అని అర్థం, డిక్షనరీలో ఉంది. బర్న్‌కు ఏ పెడితే ‘బార్న్’, అంటే ధాన్యం దాచే కొట్టం. కర్డ్‌కు ఏ పెడితే ‘కార్డ్’. ఫర్మ్‌కు ఏ పెడితే ‘ఫార్మ్’. వర్డ్‌కు ఏ పెడితే ‘వార్డ్’. టర్న్‌కు ఏ పెడితే ‘టార్న్’, అంటే కొండల్లో ఉండే చిన్న చెరువు. హర్ట్‌కు ఏ పెడితే ‘హార్ట్’ అని పలికే ఇంకో మాట వస్తుంది, దానర్థం మగ దుప్పి! పర్స్‌కు ఏ పెడితే ‘పార్స్’. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు రోజూ వాడే మాట. అన్నీ సిసలైన ఇంగ్లీష్ మాటలే. ఎర్ర గీత రాదు, ఫోన్ కిక్కురుమనదు. వాక్యం మొత్తం చదివి అర్థం పట్టుకునే యాప్‌లు కొన్నిసార్లు గుర్తుపడతాయి కానీ, పరీక్ష హాల్లోకి యాప్ రాదు కదా.

అచ్చుల్ని నమ్మలేమని ఇంజినీర్లు ఎప్పుడో తేల్చేశారు. రకరకాల స్పెల్లింగులున్న పేర్లను వెతకడానికి ‘సౌండెక్స్’ అనే పద్ధతి ఉంది. అమెరికాలో రాబర్ట్ రసెల్ అనే ఆయన 1918లో దానికి పేటెంట్ తీసుకున్నారు. అందులో మొదటి అక్షరం ఉంచి, మిగతా అచ్చులన్నీ తీసి పారేస్తారు. హల్లులకు నంబర్లు ఇస్తారు. బర్డ్, బార్డ్, బోర్డ్... మూడింటికీ ఒకటే కోడ్, బి-630. మెషిన్ అచ్చుల్ని వదిలేసి బతికేస్తుంది. మూడో తరగతి పాపకు ఆ సౌకర్యం లేదు.

అసలు నష్టం మార్కుల్లో లేదు

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. ఒక పేజీలో ఇంగ్లీష్, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పుస్తకాలు ఇచ్చారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, హైవే పక్కన టీ కొట్టు నడిపేవాళ్ల పిల్లలు, కూలికి పోయేవాళ్ల పిల్లలు ఇప్పుడు సైన్సు, లెక్కలు కూడా ఇంగ్లీష్‌లో రాస్తున్నారు. వాళ్లలో చాలామంది ఇళ్లల్లో హోంవర్కు చూసి ‘ఇక్కడ ఐ రావాలమ్మా’ అని చెప్పేవాళ్లు ఉండరు.

ఇలాంటి పిల్లలకు ఎర్ర ఇంటూ మార్కు వల్ల పోయేది అర మార్కు కాదు. ‘నేను విన్నట్టే రాశాను, అయినా తప్పంటున్నారు’ అన్న అయోమయం మిగిలిపోతుంది. రెండు మూడేళ్లు ఇలా గడిస్తే పిల్లలు ఒక పని నేర్చుకుంటారు. స్పెల్లింగ్ గ్యారంటీగా తెలిసిన మాటలే వాడటం. మనసులో ‘థర్స్టీ క్రో’ ఉంటుంది, కాగితం మీద ‘బ్యాడ్ క్రో’ అని రాస్తారు. చెప్పాలనుకున్నది ఒకటి, రాసేది ఇంకొకటి. చిన్న మాటలు, చిన్న వాక్యాలు, చిన్న జవాబులు. చూసేవాళ్లు ‘వీడికి ఇంగ్లీష్ రాదు’ అనేస్తారు. వాడికి ఇంగ్లీష్ వచ్చు. భయం వల్ల బయటికి రాదు.

పదిసార్లు ఇంపోజిషన్ ఈ భయాన్ని తీర్చదు. నాలుగోసారికే చెయ్యి మాత్రం కదులుతుంటుంది, బుర్ర కిటికీలోంచి బయటికి వెళ్లిపోతుంది. పైగా ఆ రోజు బర్డ్ వచ్చినా రేపు గర్ల్ దగ్గర మళ్లీ అదే తప్పు. ఎందుకంటే పాత రూలు అలాగే ఉంది. దాని పక్కన కొత్త రూలు ఎవరూ పెట్టలేదు.

ఊరి పేరే తాళంచెవి

ఆ కొత్త రూలును మన ఊళ్ల పేర్లతోనే పెట్టొచ్చు. తప్పు నేర్పిన బోర్డులతోనే ఒప్పు నేర్పించడం అన్నమాట.

ఐ-ఆర్ మాటలన్నీ ‘మిర్యాలగూడ మాటలు’. యు-ఆర్ మాటలన్నీ ‘సూర్యాపేట మాటలు’. ఈ-ఆర్ మాటలన్నీ ‘నేరేడుచర్ల మాటలు’. డబ్ల్యు తర్వాత ఓ-ఆర్ వచ్చేవి ‘కోదాడ మాటలు’. కోదాడలో ఆర్ లేకపోయినా ఓ ఉంది కదా, అది చాలు. మరి ఈ-ఏ-ఆర్? అవి ఏ ఊరివీ కావు. వాటిని ‘హైవే మాటలు’ అనుకుందాం. మీ ఊరు ఖమ్మమో కర్నూలో అయితే మీకు తెలిసిన ఊళ్లు పెట్టుకోండి. కర్నూలు భేషుగ్గా యు-ఆర్ కుటుంబానికి పనికొస్తుంది.

ఇక నేర్పే పద్ధతి. రోజుకు పది నిమిషాలు చాలు. పక్కనే ఉంటే మంచిది, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటే వీడియో కాల్ అయినా పర్లేదు.

ఒకటి, చెవి ముందు, పెన్ను తర్వాత. ‘బర్డ్’ అని చెప్పి, ఎన్ని శబ్దాలు వినబడ్డాయో వేళ్ల మీద లెక్కపెట్టమనండి. బ్, అర్, డ్. మూడు వేళ్లు. బ్‌కు, డ్‌కు డౌటు లేదు. డౌటు ఉన్నది మధ్య వేలుకే. ‘ఇది ఏ ఊరి అర్?’ అన్నదే ప్రశ్న. దాంతో పెద్ద భయం కాస్తా ఒక చిన్న ప్రశ్నగా మారిపోతుంది.

రెండు, వారానికి ఒకే ఊరు. ఐదు రాతలూ ఒకేరోజు నేర్పితే అన్నీ కలిసి కిచిడీ అవుతాయి. ఈ వారం మిర్యాలగూడ అంటే మిర్యాలగూడే. బర్డ్, గర్ల్, షర్ట్, థర్డ్, ఫస్ట్, బర్త్‌డే. అంతకు మించి వద్దు.

మూడు, రాత పలుకు. ఇది అన్నిటికన్నా బలమైన ట్రిక్కు. మాట్లాడేటప్పుడు ‘బర్డ్’ అనాలి, రాసేటప్పుడు మనసులో ‘బిర్డ్’ అనుకోవాలి. నర్స్‌ను ‘నుర్స్’, వర్క్‌ను ‘వొర్క్’, పర్సన్‌ను ‘పెర్సన్’ అనుకోవాలి. ‘మిర్యాలగూడ బిర్డ్, సూర్యాపేట నుర్స్’ అంటూ పాటలా పాడిస్తే పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్వుతూ నేర్చుకున్నది బాగా గుర్తుంటుంది. అక్షరానికి తగ్గట్టు పలికి గుర్తుపెట్టుకోవడం ఫోనిక్స్ పద్ధతుల్లో ఉన్నదే. గుణింతం వచ్చిన మన పిల్లలకు ఇది ఇంకా సులువు, ఆ పలుకును తెలుగులోనే రాసి చూపించొచ్చు.

నాలుగు, ఎర్ర పెన్నును వాళ్లకే ఇవ్వండి. మాటంతా నీలి రంగులో, మోసం చేసే అచ్చు ఒక్కటే ఎర్రరంగులో రాయమనండి. కన్ను అక్కడే ఆగుతుంది.

ఐదు, తప్పును కూడా చదవండి. బి-ఏ-ఆర్-డి రాస్తే నాలుగక్షరాల్లో మూడు కరెక్ట్. ఆ మూడింటికీ టిక్ పెట్టండి. నాలుగోదాని కింద చిన్న గీత గీసి ‘ఊరు మారింది’ అనండి చాలు. ‘తప్పు’ అనడానికీ ‘ఊరు మారింది’ అనడానికీ పిల్లల మొహంలో ఎంత తేడా ఉంటుందో మీరే చూస్తారు.

నాలుగైదు వారాలయ్యాక అన్ని ఊళ్లూ కలపొచ్చు. దానికి ఈ వాక్యం వాడుకోండి: ‘ఆ పర్సన్ బర్త్‌డే థర్స్‌డే, వర్క్ ఆపి ఎర్లీగా రా!’ ఐదు ఇంగ్లీష్ మాటలు, ఐదు రాతలు, అదే వరసలో. ఇది వస్తే ఐదు కుటుంబాల ఇంటిపేర్లూ వచ్చినట్టే.

ఫోన్‌ను కూడా పనిలో పెట్టొచ్చు. ప్రాక్టీస్ చేసేటప్పుడు ఆటోకరెక్ట్ ఆపేయండి. వాయిస్ టైపింగ్ ఆన్ చేసి పిల్లల్ని మాట చెప్పమనండి. స్క్రీన్ మీద పడేలోపు ‘ఏ ఊరు?’ అని గెస్ చేయాలి. కరెక్ట్ అయితే ఒక పాయింట్. రీల్స్ చూసే ఫోనే స్లేటు అవుతుంది.

మొండివాళ్లను విడిగా పట్టాలి

కొన్ని మాటలు ఏ ఊరి లెక్కకూ రావు. వాటిని చిన్న గుంపులుగా విడగొట్టాలి.

డబ్ల్యు ఒక తిక్క అక్షరం. దాని వెనక ఓ-ఆర్ వస్తే ‘వర్’, ఏ-ఆర్ వస్తే ‘వార్’. అందుకే వర్డ్‌కు ఓ, వార్డ్‌కు ఏ. ‘ఆస్పత్రి వార్డులో ఏ, అర్థం చెప్పే వర్డ్‌లో ఓ’ అని గుర్తుపెట్టుకుంటే సరి. వార్, వార్మ్, రివార్డ్ అన్నీ ఏ-ఆర్ జట్టే. క్వార్టర్లీ పరీక్షల క్వార్టర్ కూడా.

హైవే మాటలతో ఇంకో చిక్కు. మనం ఎర్లీ, ఎర్త్, సెర్చ్ అంటాం. కాబట్టి ఈ దగ్గర తప్పు రాదు, వినబడని ఏ దగ్గర వస్తుంది. పైగా ఇదే ఈ-ఏ-ఆర్ ఇంకో మూడు రకాలుగా కూడా పలుకుతుంది. హియర్, నియర్, ఫియర్ ఒక జట్టు. బేర్, వేర్, పేర్ ఇంకో జట్టు, అంటే ఎలుగుబంటి, తొడుక్కోవడం, బేరిపండు. హార్ట్ మళ్లీ వేరే. దానికి ఒక కిటుకుంది. హార్ట్‌లో మొదటి నాలుగక్షరాలు చూడండి, ‘హియర్’ కనబడుతుంది. గుండె చప్పుడు వినాలి కదా!

ఇక చివర్లో వచ్చే ‘ర్’. మన బస్సులో డ్రైవర్‌ది ఈ-ఆర్, కండక్టర్‌ది ఓ-ఆర్. ఒకే బస్సు, రెండు స్పెల్లింగులు. కారణం ఉంది. డ్రైవ్, టీచ్, ఫార్మ్ లాంటి మామూలు పనులకు ఈ-ఆర్ తగిలిస్తారు. సి-టి తోనో, ‘ఏట్’ తోనో ముగిసే లాటిన్ పనులకు ఎక్కువగా ఓ-ఆర్. కండక్ట్ నుంచి కండక్టర్, కలెక్ట్ నుంచి కలెక్టర్, యాక్ట్ నుంచి యాక్టర్, ఆపరేట్ నుంచి ఆపరేటర్. షుగర్, డాలర్, క్యాలెండర్, గ్రామర్ మాత్రం ఏ-ఆర్. అవి హుజూర్‌నగర్ జట్టు, ‘నగర్’ అన్నట్టే.

‘సెంటర్’ సంగతి ఇంకో తమాషా. మన బడి పుస్తకాల్లో బ్రిటిష్ పద్ధతిలో టి-ఆర్-ఈ. అమెరికా పద్ధతిలో టి-ఈ-ఆర్. 1828లో నోవా వెబ్‌స్టర్ తన డిక్షనరీతో అమెరికాలో ఇలాంటి రాతలను స్థిరపరిచాడు. అందుకే ఒకే రోడ్డు మీద జిరాక్స్ షాపు బోర్డు ఒకలా, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు ఇంకోలా కనబడతాయి. రెండూ కరెక్టే, కానీ పిల్లలు పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టు రాస్తే గొడవ ఉండదు.

చాంపియన్లు అడిగే ప్రశ్న కూడా ఇదే

అమెరికాలో 1925 నుంచి జరుగుతున్న నేషనల్ స్పెల్లింగ్ బీ గురించి వినే ఉంటారు. 2024 మే 30న ఫ్లోరిడాకు చెందిన పన్నెండేళ్ల బృహత్ సోమ టైబ్రేకర్‌లో 90 సెకన్లలో 29 మాటలకు సరైన స్పెల్లింగ్ చెప్పి గెలిచాడు. వాళ్ల కుటుంబం మూలాలు నల్గొండలో ఉన్నాయని అప్పట్లో మన పత్రికలు రాశాయి. మిర్యాలగూడ ఉన్నది ఆ జిల్లాలోనే.

ఆ పోటీలో పిల్లలు మైకు ముందు నిలబడి ఏం అడుగుతారో గమనించారా? ‘ఈ మాట ఏ భాష నుంచి వచ్చింది?’ అని. గ్రీకు నుంచి అయితే ఒక రాత, ఫ్రెంచి నుంచి అయితే ఇంకో రాత. అంటే చాంపియన్లు కూడా మాటలన్నీ విడివిడిగా బట్టీ పట్టరు. ముందు మాట ఊరు కనుక్కుంటారు, తర్వాత అక్షరాలు వేస్తారు. మన పాపతో ‘ఏ ఊరి అర్?’ అని అడిగించడం అదే ప్రశ్నకు చిన్న రూపం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇలా ఓపిగ్గా నేర్పినా నెలల తరబడి అక్షరాలు తారుమారవుతుంటే, తెలుగులో చదవడానికి కూడా బాగా కష్టపడుతుంటే అది డిస్లెక్సియా కావచ్చు. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ సినిమా కథ అదే. అలాంటి పిల్లల్ని తిట్టకుండా నిపుణులకు చూపించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన సమస్యలను కూడా గుర్తించింది. అయితే ఒక్క ‘అర్’ దగ్గరే తడబడే పిల్లలకు ఏ జబ్బూ లేదు. వాళ్లు తెలుగు చెవితో విని, ఊరి బోర్డు చూసి నేర్చుకున్న రూలుతో రాస్తున్నారు, అంతే.

ఈసారి ఊరెళ్లినప్పుడు పక్క సీట్లో కూర్చున్న తమ్ముణ్నో, మేనకోడల్నో ఒక ఆట ఆడించండి. సూర్యాపేట నుంచి కోదాడ దాకా రోడ్డు పక్కన షాపుల బోర్డుల మీద ‘ర్’ కనబడ్డ ప్రతిచోటా ఊరి పేరు చెప్పాలి. టైర్ వర్క్స్‌లో వర్క్స్ వస్తే కోదాడ. నర్సింగ్ హోం వస్తే సూర్యాపేట. షర్ట్స్ వస్తే మిర్యాలగూడ. సర్వీస్ సెంటర్ వస్తే నేరేడుచర్ల. మధ్యలో ఏదో ఒక బోర్డు మీద సర్వీస్‌ను ఏ-ఆర్ పెట్టి రాసి ఉండొచ్చు. దాన్ని మీకంటే ముందు ఆ పిల్లే పట్టుకుని ‘అన్నా, వీళ్లకు ఊరు మారింది’ అంటే మీ పాఠం ఎక్కినట్టే.